అద్దకం గుడ్డల పుస్తకం: ముందు స్క్రీన్ సంగతి తేలాలి

సోమవారం: ప్రూఫ్ వచ్చింది

పెదనలో మా పిన్ని వాళ్లది అద్దకం పని చేసే ఇల్లు. పాత దుప్పట్లు, తెరలు, అచ్చు సరిగ్గా పడుతుందో లేదో చూసుకోవడానికి వేసిన చిన్న ముక్కలు వాళ్ల పెట్టెల్లో చాలా ఉన్నాయి. ఇప్పుడు ఎవరూ వేయని డిజైన్లు కొన్ని వాటిలోనే మిగిలాయి. వాటిని ఫోటోలు తీసి చిన్న పుస్తకంగా వేయించడమే ఈ ప్రాజెక్టు. ఫోటోలు తీయడం అయిపోయింది. ఫోటోలు దిద్దే ఉచిత సాఫ్ట్‌వేర్ గింప్ 3.0లో వంకరలు సరిచేసి, అంచులు కోసి, కొన్ని పేజీలు నమూనాగా విజయవాడలో ఒక ప్రెస్‌కి పంపాం. ఆ నమూనా ముద్రణ, అంటే ప్రూఫ్, ఈ రోజు చేతికొచ్చింది.

కాగితం మీద బొమ్మలు స్క్రీన్ మీద కన్నా బాగా ముదురుగా ఉన్నాయి. నల్ల గీతల మధ్య ఎర్రపూల రేకులు ఒకదాన్లో ఒకటి కలిసిపోయాయి. అంతకన్నా నన్ను ఆలోచనలో పడేసింది నేల రంగు. కలంకారీ గుడ్డ నేల తెల్లగా ఉండదు. కరక్కాయ నీళ్లలో నానబెట్టి ఆరేసిన గుడ్డ కాబట్టి మీగడ రంగులో ఉంటుంది. ఇనుము, బెల్లం ఊరబెట్టి తీసిన నీరు ఆ కరక్కాయను తాకినప్పుడే నలుపు తేలుతుంది. ఎరుపేమో పటిక పట్టిన చోటే అంటుకుంటుంది. అంటే ఆ మీగడ రంగు ఈ పని మొత్తానికి పునాది. ప్రూఫ్‌లో అది కాస్త ముదిరినా గుడ్డకు దగ్గరగానే ఉంది. స్క్రీన్ మీద మాత్రం దాదాపు తెలుపు.

పిన్ని గుడ్డనీ, ప్రూఫ్‌నీ, స్క్రీన్‌నీ మార్చి మార్చి చూసి, "కాగితం సంగతి తర్వాత నాన్నా, నీ కంప్యూటరే మన గుడ్డని చలవ చేసేసినట్టుంది" అంది.

ఆ మాట మీదే పని దారి మార్చాను. స్క్రీన్ సంగతి తేలేదాకా ఏ ఫోటోలోనూ రంగు ముట్టుకోవడం లేదు. ప్రూఫ్ ముదురుగా వచ్చింది కదా అని గింప్‌లో వెలుగు సర్దే కర్వ్స్ తెరిచి ఫోటోలన్నీ తేట చేయడం తేలికే. కానీ స్క్రీన్ తప్పు చూపిస్తుంటే ఆ తప్పంతా ఫైల్లోకి ఎక్కుతుంది. తూకం రాయి తప్పైనప్పుడు బియ్యం తీసి, పోసి సరిచేస్తే లాభం లేదు. రేపు మానిటర్ మార్చినా, ప్రెస్ మార్చినా మళ్లీ మొదటికే వస్తాం.

మంగళవారం: గది, బటన్లు

సాఫ్ట్‌వేర్ జోలికి వెళ్లకముందే చేయాల్సింది చాలా ఉంది. ఈ రోజంతా దానికే సరిపోయింది.

మానిటర్ "వివిడ్" మోడ్‌లో ఉంది. దుకాణంలో పక్కన ఉన్న వాటికన్నా మెరవడానికి పెట్టే మోడ్ అది. రంగుల్ని ఉబ్బిస్తుంది, తెలుపులో నీలం కలుపుతుంది. మీగడ నేల తెల్లబడింది దీనివల్లే. దాన్ని తీసేసి, మామూలు స్క్రీన్లకి ఉమ్మడి రంగుల ప్రమాణమైన ఎస్ఆర్‌జీబీ మోడ్ పెట్టాను. డైనమిక్ కాంట్రాస్ట్ ఆపాను. ఆపకపోతే చీకటి బొమ్మ వచ్చినప్పుడు ఒక వెలుగు, తేట బొమ్మ వచ్చినప్పుడు ఇంకో వెలుగు ఇస్తుంది. విండోస్‌లో సాయంత్రం కాగానే దానంతటదే పసుపెక్కే నైట్ లైట్ కూడా ఆపాను. రాత్రిపూట ఫోటోలు దిద్దేవాళ్లు ముందు చూసుకోవాల్సింది ఇదే.

ఇక వెలుగు. ఎస్ఆర్‌జీబీ ప్రమాణాన్ని 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి ప్రతిపాదించాయి. అందులో స్క్రీన్ వెలుగు చదరపు మీటరుకు 80 క్యాండెలాలు (వెలుగును కొలిచే యూనిట్) అని రాసుకున్నారు. ప్రింట్ పని చేసేవాళ్లు గది వెలుగును బట్టి 120 దాకా పెట్టుకుంటారు. మామూలు ఆఫీస్ మానిటర్లు 250 దాకా ఇవ్వగలవు, చాలామంది పూర్తి వెలుగులోనే వాడుకుంటారు. "ప్రింట్ ముదురుగా వచ్చింది" అనే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగానికి మూలం ఇక్కడే ఉందని నా నమ్మకం. కాగితానికి సొంత వెలుగు లేదు. గదిలో పడ్డ వెలుగునే అది తిరిగిస్తుంది. రెండింతల వెలుగున్న స్క్రీన్ పక్కన ఏ కాగితమైనా వాడిపోయినట్టే ఉంటుంది.

కొలిచే పరికరం రాకముందు కంటితో చేసుకోగలిగిన పని ఒకటుంది. గింప్‌లో ఖాళీ తెల్ల కాన్వాస్ తెరిచి, మానిటర్ పక్కన తెల్ల కాగితం నిలబెట్టి, రెండింటి తెలుపూ దగ్గరగా వచ్చేదాకా మానిటర్ వెలుగు తగ్గించుకుంటూ వచ్చాను. సగం కన్నా బాగా కిందికి దిగాల్సి వచ్చింది. మొదట కళ్లకి అంతా మసగ్గా అనిపించింది. కాసేపటికి అలవాటైంది. ఆ అలవాటు పడ్డాకే ప్రూఫ్‌ని మళ్లీ పక్కన పెట్టి చూశాను. తేడా సగానికి సగం పోయింది. ఫైల్లో ఒక్క పిక్సెల్ కూడా మార్చలేదు.

గదిలో బల్బు కూడా మార్చాను. ఇది ఎరుపు మీద పనిచేసే వాళ్లకి తప్పక తెలియాలి. ఎల్ఈడీ బల్బుల డబ్బా మీద సీఆర్ఐ 80 అనో 90 అనో ఉంటుంది, ఆ వెలుగులో రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే అంకె అది. ఆ అంకె లేత రంగుల నమూనాలు ఎనిమిదింటి సగటు మాత్రమే. చిక్కటి ఎరుపుకి ఆర్9 అనే వేరే అంకె ఉంది, అది ఆ సగటులో లేదు. సీఆర్ఐ 80 ఉన్న బల్బు కింద కూడా కలంకారీ ఎరుపు ఇటుకపొడిలా చప్పబడొచ్చు. ఆర్9 అంకె విడిగా రాసిన బల్బు వెతికి తెచ్చాను. గుడ్డ దాని కిందా, కిటికీ దగ్గర పగటి వెలుగులోనూ ఇప్పుడు ఒకేలా ఉంది.

బుధవారం: గింప్ కిటికీ రంగు

చిన్న పని. థీమ్‌ని నలుపు నుంచి మధ్యస్థ బూడిద రంగుకి మార్చాను. బొమ్మ చుట్టూ ఉండే ఖాళీ జాగాకి వ్యూ మెనూలో ప్యాడింగ్ కలర్ అని ఉంది. అక్కడ ఎరుపు, పచ్చ, నీలం మూడూ 119 పెట్టాను. నలుపుకీ తెలుపుకీ మన కంటికి సరిగ్గా నడుమ అనిపించే బూడిద రంగు అదే. నల్లటి చుట్టు మధ్యలో ఏ బొమ్మైనా ఉన్నదానికన్నా తేటగా కనిపిస్తుంది. పుస్తకంలో ఈ బొమ్మల చుట్టూ ఉండేది కాగితం తెలుపు. కాబట్టి ఒక్కో ఫోటో ముగించే ముందు ప్యాడింగ్‌ని తెలుపుకి మార్చి కూడా ఒకసారి చూడాలని అనుకున్నాను.

శనివారం: కొలత

తెలిసిన ఫోటో స్టూడియో ఆయన కలరీమీటర్ అప్పిచ్చారు. చిన్న మౌస్ అంత ఉంటుంది. స్క్రీన్ మీద ఆనించి పెడితే సాఫ్ట్‌వేర్ వరసగా రంగు గళ్లు చూపిస్తుంది, పరికరం ఒక్కోదాన్నీ కొలుస్తుంది. సాఫ్ట్‌వేర్‌గా డిస్‌ప్లేక్యాల్ వాడాను. దాని వెనక అసలు పని చేసేది ఆర్గిల్ సీఎంఎస్. రెండూ ఉచితం. కొలిచే ముందు మానిటర్ అరగంటైనా వెలుగుతూ ఉండాలి, చల్లటి మానిటర్ రంగు నిలకడగా ఉండదు.

పెట్టిన లక్ష్యాలు: తెలుపు 6500 కెల్విన్ (పగటి వెలుగుకి దగ్గరి తెలుపు), గామా (చీకటి నుంచి తేటకి మెట్లు ఎలా పెరగాలో చెప్పే అంకె) 2.2, వెలుగు 100 క్యాండెలాలు. మా గది కాస్త చీకటిది, అందుకే 120 దాకా వెళ్లలేదు.

ఇక్కడ జరిగే పనులు రెండు. చాలామంది వాటిని ఒకటే అనుకుంటారు. మొదటిది క్యాలిబ్రేషన్. మానిటర్ బటన్లతోనూ, గ్రాఫిక్స్ కార్డులో ఉండే వక్రరేఖలతోనూ తెలుపునీ, బూడిద మెట్లనీ లక్ష్యానికి తేవడం. ఇది కంప్యూటర్లో అన్నింటికీ వర్తిస్తుంది. రెండోది ప్రొఫైల్. అలా సర్దాక కూడా ఈ మానిటర్ ఏ ఎరుపు చూపగలదు, ఏ పచ్చ చూపలేదు అని రాసిపెట్టిన ఐసీసీ ఫైల్ అది. ప్రొఫైల్ స్క్రీన్‌ని మార్చదు. దాన్ని చదవగలిగిన సాఫ్ట్‌వేర్‌కి మాత్రమే ఉపయోగం. గింప్ చదువుతుంది. అందుకే ఒకే ఫోటో గింప్‌లో ఒకలా, మామూలు ఫోటో వ్యూయర్‌లో ఒకలా కనిపించడం మామూలే. అలాంటప్పుడు గింప్ చూపేదాన్నే నమ్మాలి.

కొలత చెప్పిన కబురు: బూడిద మెట్లలో చీకటి వైపు నీలం ఎక్కువగా ఉండేది, ఇప్పుడు తగ్గింది. పరికరం దొరకనివాళ్లకి విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ కంటితో సరిచూసుకునే సాధనాలు ఉన్నాయి. గామా, నలుపు వరకు అవి పనికొస్తాయి. తెలుపు రంగు విషయంలో మాత్రం మన కన్ను ఎదురుగా ఉన్నదానికే సర్దుకుపోతుంది, దాన్ని ఒక్కదాన్నే నమ్ముకోలేం.

ఆదివారం: కలర్ మేనేజ్‌మెంట్

ఎడిట్ మెనూలో ప్రిఫరెన్సెస్, అందులో కలర్ మేనేజ్‌మెంట్. ఈ ఒక్క పేజీ దగ్గరే పొద్దుటి నుంచీ కూర్చున్నాను, ఎందుకంటే ఇక్కడ ప్రతి గడీ కంటి ముందు ఫలితం చూపిస్తుంది.

ఇమేజ్ డిస్‌ప్లే మోడ్ "కలర్ మేనేజ్డ్ డిస్‌ప్లే"లో ఉండాలి. మానిటర్ ప్రొఫైల్ దగ్గర నిన్న తయారైన ఫైల్ పెట్టాను. సిస్టమ్‌లో ఉన్న ప్రొఫైల్‌నే వాడమని చెప్పే టిక్ కూడా ఒకటి ఉంది. డిస్‌ప్లేక్యాల్ దాన్ని సిస్టమ్‌లో ఎలాగూ పెట్టేసింది కాబట్టి ఆ టిక్ చాలు. రెండరింగ్ ఇంటెంట్ (స్క్రీన్‌కి అందని రంగుల్ని ఎలా సర్దాలో చెప్పే గడి) రిలేటివ్ కలరీమెట్రిక్, బ్లాక్ పాయింట్ కాంపెన్సేషన్ (ఫోటోలోని నలుపుని స్క్రీన్ నలుపుకి సరిపెట్టేది) ఆన్. కిందనే వేగానికా, ఖచ్చితత్వానికా అని అడుగుతుంది. ఖచ్చితత్వం ఎంచుకున్నాను. మెల్లగా నడిచే ల్యాప్‌టాప్‌లో పెద్ద ఫైళ్లు కాస్త బరువెక్కుతాయి, కానీ ఈ పనికి అదే సరి.

ఫైల్ తెరిచినప్పుడు అందులో వేరే ప్రొఫైల్ ఉంటే ఉంచాలా, మార్చాలా అని గింప్ అడుగుతుంది. కొన్ని ఫోటోలు ఎస్ఆర్‌జీబీ కన్నా ఎక్కువ రంగులు పట్టే అడోబ్ ఆర్‌జీబీలో ఉన్నాయి. ఉంచమనే చెప్పాను. ప్రొఫైల్ ఊడిపోయిన అడోబ్ ఆర్‌జీబీ ఫైల్‌ని ఎస్ఆర్‌జీబీ అనుకుని చూపిస్తే నీలిమందు నీలం, ఎరుపు రెండూ చప్పబడతాయి. ఫోటోలో లోపం ఏమీ లేకుండానే ఉన్నట్టు కనిపిస్తుంది.

ఆ రోజు సాయంత్రం: అసలు కొలతలో అచ్చు

ఇది నాకు బాగా నచ్చిన భాగం, అందుకే విడిగా రాస్తున్నాను.

టేకు చెక్క అచ్చు మీద గీత ఎంత సన్నంగా చెక్కారన్నది అద్దకం పనిలో పెద్ద విషయం. పుస్తకంలో పువ్వు అసలు సైజులోనే పడాలని పిన్ని కోరిక. స్క్రీన్ మీద 100 శాతం జూమ్ అంటే అసలు సైజు అని చాలామంది అనుకుంటారు. గింప్‌లో మామూలుగా వ్యూ మెనూలో డాట్ ఫర్ డాట్ ఆన్‌లో ఉంటుంది. అప్పుడు 100 శాతం అంటే ఫోటోలో ఒక పిక్సెల్‌కి స్క్రీన్ మీద ఒక పిక్సెల్ అని అర్థం. ఫోటో అంగుళానికి 300 పిక్సెళ్లు. మా 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్ అంగుళానికి సుమారు 92. అంటే పువ్వు అసలు దానికన్నా మూడింతలకు పైగా పెద్దగా కనిపిస్తుంది.

డాట్ ఫర్ డాట్ తీసేస్తే గింప్ ప్రింట్ కొలత లెక్కలోకి తీసుకుంటుంది. దానికి మానిటర్ రిజల్యూషన్ సరిగ్గా తెలియాలి. ప్రిఫరెన్సెస్‌లో డిస్‌ప్లే పేజీలో క్యాలిబ్రేట్ అనే బటన్ ఉంది. నొక్కితే స్క్రీన్ మీద అడ్డంగా, నిలువుగా స్కేళ్లు గీస్తుంది. వాటిని చేతి స్కేలుతో కొలిచి ఆ అంకెలు నింపాలి. అంతే. తర్వాత 100 శాతానికి వెళ్లి, పిన్ని ఆ అచ్చునే తెచ్చి స్క్రీన్ పక్కన పెట్టింది. రెండూ ఒకే సైజు. "ఈ గీత ఇంకాస్త సన్నం ఉండేది, అచ్చు అరిగాక ఇలా లావైంది" అని ఆమె చెప్పిన సంగతి ఆ ఫోటో కింద రాయడానికి రాసిపెట్టుకున్నాను. పెద్దది చేసిన బొమ్మ మీద ఆ మాట వచ్చేది కాదు.

బుధవారం: కాగితాన్ని స్క్రీన్ మీద చూడటం

ప్రెస్‌కి ఫోన్ చేసి ఏ ప్రొఫైల్‌కి ముద్రిస్తారని అడిగాను. నున్నటి పూత ఉన్న ఆర్ట్ పేపర్‌కి, ఫోగ్రా 39 అనే ముద్రణ కొలతల ఆధారంగా ఉన్న ఐఎస్ఓ కోటెడ్ వీ2 ప్రొఫైల్ అన్నారు. దాన్ని ఇమేజ్ మెనూలో కలర్ మేనేజ్‌మెంట్ కింద సాఫ్ట్ ప్రూఫ్ (కాగితం మీద ఎలా పడుతుందో స్క్రీన్ మీదే చూపేది) ప్రొఫైల్‌గా పెట్టాను. 3.0లో ఈ ప్రొఫైల్ ఒక్కో ఫైల్‌కి విడిగా ఉంటుంది, కింద స్టేటస్ బార్‌లోనే ఆన్, ఆఫ్ చేయవచ్చు. దీనివల్ల చాలా సౌకర్యం. నొక్కినప్పుడల్లా "స్క్రీన్ మీద ఇలా, కాగితం మీద ఇలా" అని పక్కపక్కనే చూసినట్టుంటుంది.

కాగితం అందుకోలేని రంగుల్ని గుర్తుపెట్టి చూపే టిక్ కూడా పెట్టాను. నాకు నీలిమందు మీద అనుమానం ఉండేది. కానీ నీలిమందు నీలం పెద్దగా ఎక్కడా గుర్తు పడలేదు. సహజ రంగుల గుడ్డలన్నీ దాదాపు సురక్షితం. గుర్తు పడ్డవి ఇటీవలి రసాయన రంగుల ముక్కలు, ముఖ్యంగా చిలకపచ్చ. పాత రంగులు ముద్రణకి ఇంత బాగా ఒదుగుతాయని తెలియడం సంతోషం కలిగించింది.

తర్వాత కాగితం చర్చ. పిన్నికి మెరిసే కాగితం ఇష్టం లేదు, గుడ్డ పుస్తకం కాబట్టి గరుకుగా ఉండే మ్యాప్‌లితో కాగితం మీద వేద్దామంది. నాకూ అదే మనసు. అలాంటి అన్‌కోటెడ్ (పూత లేని) కాగితం ప్రొఫైల్ పెట్టి, రెండరింగ్ ఇంటెంట్‌ని అబ్సల్యూట్ కలరీమెట్రిక్ చేసి చూపించాను. అలా చేస్తే కాగితం సొంత రంగు కూడా స్క్రీన్ మీదికి వస్తుంది. సిరా కాగితంలోకి ఇంకిపోవడం వల్ల నలుపు ముదురు బూడిద అయింది, ఎరుపు లోతు పోయింది. పిన్ని చాలాసేపు చూసింది. "నల్లగీత నల్లగా లేకపోతే అది మా పనే కాదు" అంది. మ్యాట్ ఆర్ట్ పేపర్‌కి ఒప్పుకుంది. మెరుపు తక్కువ, నలుపు నిలుస్తుంది. ఒక్క కాగితం కూడా ముద్రించకుండా తీసుకున్న నిర్ణయం ఇది.

వ్యూ మెనూలో డిస్‌ప్లే ఫిల్టర్లు కూడా ఈ రోజే వాడాను. క్లిప్ వార్నింగ్ ఫిల్టర్ పూర్తిగా మూసుకుపోయిన నలుపులనీ, తెలుపెక్కిపోయిన చోట్లనీ చూపిస్తుంది. వర్ణాంధత ఉన్నవాళ్లకి బొమ్మ ఎలా కనిపిస్తుందో చూపే ఫిల్టర్ ఇంకొకటి. రంగులు తయారయ్యే క్రమాన్ని చూపే పట్టిక ఒకటి పుస్తకంలో ఉంది, ఎరుపు, పచ్చ చుక్కలతో గీశాను. ఫిల్టర్ పెట్టగానే రెండూ ఒకటే అయిపోయాయి. చుక్కలకి బదులు పేర్లు రాశాను. ఈ ఫిల్టర్లన్నీ చూపులో మార్పులే, ఫైల్లోకి చేరవు. ఎక్స్‌పోర్ట్ చేసిన బొమ్మలో వాటి జాడ ఉండదు.

గురువారం: ప్రెస్‌కి ఉత్తరం

రంగు గురించి మాటల్లో చెప్పుకుంటే పని సాగదు. "ఎరుపు కొంచెం పెంచండి" అంటే ఎవరి స్క్రీన్ మీద, ఎంత? అందుకే ఒకే విషయం మీద, అవసరమైనంతే రాశాను: ఏ పేజీ, ఏ ఫైల్, అందులో ఏ ప్రొఫైల్ ఉంది, నేను ఏ కాగితానికి ప్రూఫ్ చూశాను, ఏ వెలుగులో చూశాను. పాత ఉత్తరాలన్నీ కింద అతికించకుండా నేను జవాబిస్తున్న వాక్యం ఒక్కటే పైన ఉంచాను. ప్రెస్‌లో రోజంతా ఇలాంటివి చదివేవాళ్ల సమయానికి మనం ఇచ్చే విలువ అది.

స్క్రీన్‌షాట్ పంపలేదు. రంగు తేడా చూపించడానికి స్క్రీన్‌షాట్ పనికిరాదు. గ్రాఫిక్స్ కార్డులోని క్యాలిబ్రేషన్ అందులోకి రాదు. పైగా గింప్ కిటికీలో రంగులు అప్పటికే నా మానిటర్‌కి తగ్గట్టు మారి ఉంటాయి. అది ఇంకో మానిటర్ మీద తెరిస్తే కనిపించేది నేను చూసిందీ కాదు, ఫైల్లో ఉన్నదీ కాదు. అసలు ఫైలే, ప్రొఫైల్‌తో సహా పంపాలి. గింప్ 3.0 సీఎంవైకే (ముద్రణలో వాడే నాలుగు సిరాల రంగులు) ఎక్స్‌పోర్ట్ కూడా చేయగలదు, కానీ ప్రెస్‌లో పెద్దాయన "ఆర్‌జీబీలోనే (స్క్రీన్ వాడే ఎరుపు, పచ్చ, నీలం రంగుల్లో) ఇవ్వండి, మార్చడం మా మెషీన్ దగ్గర చేసుకుంటాం అండీ" అన్నారు. మెషీన్ ఆయనది, మాట ఆయనదే.

శుక్రవారం, తర్వాతి వారం: రెండో ప్రూఫ్

మ్యాట్ ఆర్ట్ పేపర్, 130 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు గ్రాముల్లో). కొత్త బల్బు కింద స్క్రీన్ పక్కన పెట్టాం. నేల రంగు మీగడగా ఉంది, మూడు చోట్లా: గుడ్డ, స్క్రీన్, కాగితం. రేకుల మధ్య గీతలు విడివిడిగా కనిపిస్తున్నాయి. ఫోటోల్లో నేను చేసిన రంగు మార్పులు చాలా తక్కువ. ఒకట్రెండు చోట్ల చీకటి భాగాలు కాస్త ఎత్తడం, అంతే.

ఒక్కటి మిగిలింది. పాత తెరల్లో ఉన్న ముదురు ఎరుపు స్క్రీన్ మీదా, కాగితం మీదా ఒకేలా ఉంది, కానీ రెండూ గుడ్డ కన్నా చప్పగా ఉన్నాయి. స్క్రీన్, ప్రింట్ కలిశాయంటే తేడా అంతకుముందే, ఫోటో తీసినప్పుడే వచ్చిందన్నమాట. ఆ తెరలు వరండాలో మామూలు ఎల్ఈడీ లైట్ల కింద తీసినవి. ఆర్9 సంగతి ఇక్కడా వర్తిస్తుంది. వెలుగులో లేని ఎరుపు కెమెరాకి చేరదు, తర్వాత గింప్‌లో శాచురేషన్ (రంగు చిక్కదనం) పెంచితే నేల రంగు కూడా దానితో పాటే పసుపెక్కుతుంది.

ఆ తెరలు మళ్లీ తీయాలి. ఎండ నేరుగా పడని చోట, పగటి వెలుగులో, పక్కన రంగుల కార్డు పెట్టి. పిన్ని వాటిని ఆదివారం పెట్టెల్లోంచి తీసి గాలికి ఆరేస్తానంది. మిగతా పేజీలు ముద్రణ ప్లేట్లకి వెళ్లవచ్చని ప్రెస్‌కి చెప్పాను. కలరీమీటర్ తిరిగిచ్చే ముందు మానిటర్‌ని ఇంకోసారి కొలవాలి, బ్యాక్‌లైట్ వాడకంతో పాటు మారుతుంది కాబట్టి.